వినిన వాని ధర్మము

బళ్లారిలో తెలుగువారు నలుగురు కూడినచోట నాటక ప్రసక్తి రాకుండుట అరుదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఈ యూర న్యాయవాదవృత్తి నెరపుచు, సరసవినోదినీ సభ పక్షమున నాటకములు రచించి యాడించి, ఆంధ్ర నాటక పితామహులని పేరొందిరి. వారి మేనల్లుడు బళ్లారి రాఘవాచార్యులవారు ఆ కీర్తిని దేశము నాలుగు చెరగులకును గొనిపోయిరి. ఆచార్యులవారి ‘విషాద సారంగధర’ తెలుగున మొదటి విషాదాంత నాటకముగా ప్రసిద్ధి వడసినది. కథ మన పాఠకు లెఱిగినదే. రాజరాజనరేంద్రుని చెవిని ఒక ఘోరమైన నేరారోపణము పడినది. ఆయన విచారింపలేదు, కుమారుని మాట వినలేదు, సాక్ష్యము నడుగలేదు. కోపము పొంగిన క్షణముననే శిక్ష విధించెను. నిజము తేలునప్పటికి సారంగధరుని కాలుసేతులు తెగియుండెను.

నాటకము చూచినవారు చిత్రాంగిని నిందించుచు ఇండ్లకు పోవుదురు. మేము మాత్రము తరచుగా రాజును గూర్చియే యాలోచించుచుందుము. చెప్పినవారి మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. అది వారి ధర్మాధర్మములకు సంబంధించిన విషయము. వినినవానికి వేరొక ధర్మము కలదు. అతడు దానిని తప్పినచో నిర్దోషి కాలుసేతులు కోల్పోవును; లేదా దోషి యింకొకరి ప్రాణము తీయును. ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ ధర్మమునే. అందును వికలాంగుల సేవకై నెలకొల్పబడిన వసతిగృహములలో, పాఠశాలలలో, ఆశ్రమములలో పనిచేయువారికి, తమ కండ్లయెదుట గాని చెవిని గాని ఒక గురుతరమైన సంఘటన పడినపుడు, ఏమి కర్తవ్యమో ఆలోచింపదలచితిమి.

ఈ విషయమును మేమెత్తుకొనుటకు కారణము కలదు. కొన్నియేండ్ల క్రిందట సరిహద్దున నున్న ఒక యూర వికలాంగ బాలుర వసతిగృహమును చూడబోయితిమి. ఊరి పేరు, గృహము పేరు ఇక్కడ అనవసరము. గదులు శుభ్రముగనే యున్నవి. అధికారి మర్యాద చేసి సంఘటనల పుస్తకమును కూడ చూపిరి. అందు ఒకే బాలుని పేర మూడు మాసములలో నాలుగు మారులు ‘జారి పడెను’ అని వ్రాసియుండెను. ఆ బాలునికి మాట రాదు. కాళ్లు మాత్రము చక్కగా నడచును. అధికారి లోనికి పోయిన సమయమున అక్కడి ఆయమ్మను, ‘ఈ బిడ్డ ఇన్నిసార్లు జారి పడుచుండునా తల్లీ?’ యని యడిగితిమి. ఆమె అటునిటు చూచి, ‘ఇంట్లో ముగ్గురు తినాల సామీ, నన్నేమీ అడగొద్దు’ అనెను. ఆ మాటలోని యర్థము మాకు తెలిసినది. తెలిసియు ఆనాడు కాఫీ త్రాగి, నమస్కారము చేసి తిరిగివచ్చితిమి. పిదప ఆ బాలుని తలిదండ్రులు వానిని ఇంటికి కొనిపోయిరని వింటిమి. ఏమి జరిగినదో నేటికిని తేలలేదు. ఆయమ్మ మౌనమునకు ఆకలి కారణము. మా మౌనమునకు ఏ కారణమును లేదు.

గురుతరమైన సంఘటన యనగానే మరణమో, మానభంగమో మనస్సునకు తోచును. కాని దెబ్బ, కాలిన గాయము, గదిలో పెట్టి తాళము వేయుట, త్రాటితో కట్టివేయుట, అన్నము పెట్టకుండుట, ఒకరి మందు వేరొకరి కిచ్చుట, నివాసి కనబడకపోవుట, పింఛను సొమ్ము కాజేయుట, ఇవియన్నియు నందు చేరినవే. ‘చిన్న విషయము’ అను మాట ఎవరి నోట వచ్చుచున్నదో గమనింపవలెను. కట్టబడినవాడు దానిని చిన్నదనడు, కట్టినవాడే అనును.

ఇట్టివానిని చూచియు సిబ్బంది ఏల పలుకరు? మాకు నాలుగు కారణములు కనబడుచున్నవి. మొదటిది, సంస్థ పేరు చెడునను భయము. పేరు చెడినచో దాతలు వెనుకకు తగ్గుదురు, చివరకు నష్టపోవునది ఆ వికలాంగులే గదా యని వాదింతురు. ఇది వినుటకు ధర్మముగనే యుండును. కాని సంస్థ యెవరికొరకు పుట్టినదో వారి దెబ్బను దాచి సంస్థను రక్షించుట, బిడ్డను నీట విడిచి ఊయలను ఒడ్డునకు చేర్చుట వంటిది. రెండవది, జీవిక పోవునను భయము. దీనిని మేము తేలికగా తీసివేయజాలము, మరల ప్రస్తావింతుము. మూడవది, తోడి పనివానిపై దయ. పండ్రెండు గంటలు నిద్రలేక పనిచేసినవాడు ఒక క్షణము చేయి జారెను, వాని బ్రతుకు పాడుచేయుట యెందుకని యనుకొందురు. ఆ దయ మంచిదే. కాని దయ చూపవలసిన చోటు విచారణ ముగిసిన తరువాత, శిక్ష నిర్ణయించునపుడు. విచారణయే లేకుండ జేసిన దయ, దెబ్బ తిన్నవాని సొత్తు నెత్తి కొట్టినవానికి దానము చేయుట యగును.

నాలుగవ కారణము అన్నిటికంటె లోతైనది. ‘వానికేమి తెలియును? వాని మాటకు విలువ యేమి?’ అను అవిశ్వాసము. మాట తడబడువాడు, తేదీ చెప్పలేనివాడు, చేతి సైగలతో మాత్రమే చెప్పగలవాడు, చెప్పినది రెండవసారి వేరుగా చెప్పువాడు, వీరి మాటను లోకము సగము మాటగా తీసికొనును. అపకారము చేయువానికి ఈ సంగతి బాగుగా తెలియును. ఎవరి మాట నమ్మబడదో వారినే అతడు ఎన్నుకొనును. కావున మన అవిశ్వాసము కేవలము అపచారము మాత్రమే కాదు. అది నేరమునకు దారిచూపు దీపము.

అలవాటు పడిన కన్ను దేనిని చూడజాలదో చెప్పుటకు ఎర్వాడి చాలును. తమిళనాడున రామనాథపురము జిల్లాలోని ఆ గ్రామమున, 2001 ఆగస్టు 6వ తేదీ వేకువను, మానసిక రోగులనుంచిన ఒక పాక అంటుకొన్నది. లోపలివారు గొలుసులతో బంధింపబడియుండిరి. లేచి పరుగెత్తుటకు వీలులేక పోయెను. ఇరువది యెనమండుగురు మరణించిరి. ఆ గొలుసులు రహస్యమైనవి కావు. రోగులను దిగవిడిచిపోయిన బంధువులు చూచిరి, దర్శనమునకు వచ్చినవారు చూచిరి, అక్కడ పనిచేయువారు ప్రతిదినమును చూచిరి. ప్రతిదినము కనబడునది సంఘటన యని యెవరికిని తోచలేదు. మంట వచ్చిన పిదపనే దేశము మేల్కొన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగనైనను గొలుసుతో బంధించుటను నిషేధించినది. శాసనము వచ్చినది గాని, నిత్యము చూచుచున్న దానిని క్రొత్త కంటితో చూచు శక్తిని శాసన మీయజాలదు. అది పనిచేయువాడు తానే సంపాదించుకొనవలెను.

ఆ శక్తి గలవారి నిదర్శనము కూడ కలదు. 2009లో చండీగఢ్ నగరమున ప్రభుత్వ సంరక్షణలో నున్న, బుద్ధివికాసమున కొంత లోపము గల ఒక యువతి అస్వస్థతను అక్కడి వైద్య సామాజిక కార్యకర్తయు నర్సును గమనించి, తమంతట తామే పరీక్ష చేయించిరి. ఆమె గర్భవతి యని తేలినది. అంతకుముందు ఆమె యున్న ప్రభుత్వ గృహముననే ఆమెపై అత్యాచారము జరిగినదని బయటపడెను. ఆ యిరువురును ‘కడుపునొప్పి’ అని పుస్తకమున వ్రాసి యూరకొనినచో ఎవరు అడుగుదురు? ఆ వ్యవహారము సుప్రీంకోర్టు దాక పోయెను. గర్భమును ఉంచుకొందునని ఆ యువతి కోరినది. ఆమె సమ్మతి లేనిదే గర్భము తీయించుటకు వీలులేదని ఆ న్యాయస్థానము 2009 ఆగస్టు 28న తీర్పు చెప్పినది. ఇందు రెండు పాఠములు కలవు. చెప్పలేనివారి పక్షమున చూచువాడు చెప్పవలెననునది మొదటిది. అట్లు చెప్పినంత మాత్రమున వారి యిష్టానిష్టములకు మనము యజమానులము కామనునది రెండవది.

ఇక శాసనమేమి చెప్పుచున్నదో చూతము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది. దాని 7వ విభాగము ప్రకారము, వికలాంగునిపై హింసయో, దౌర్జన్యమో, దోపిడియో జరిగినదనిగాని, జరుగుచున్నదనిగాని, జరుగవచ్చుననిగాని నమ్ముటకు కారణమున్న ఎవరైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు తెలుపవచ్చును. ‘నమ్ముటకు కారణము’ అను మాటను గమనింపవలెను. రుజువు చేయు భారము చెప్పువానిపై లేదు. ఫిర్యాదు విన్న పోలీసు అధికారి ఆ మేజిస్ట్రేటు వివరములను, ఉచిత న్యాయ సహాయము పొందు హక్కును బాధితునికి తెలుపవలెను. 92వ విభాగము క్రింద ఇట్టి దౌర్జన్యములకు ఆరు నెలలు మొదలు ఐదేండ్లవరకు కారాగార శిక్ష కలదు. బాధితులు పదునెనిమిదేండ్లు నిండనివారై, నేరము లైంగికమైనదైనచో, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలుపుట ఐచ్ఛికము కాదు, విధి. తెలిసి తెలుపనివాడు శిక్షార్హుడు. తన క్రింద పనిచేయువాని నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరము వరకు శిక్ష కలదు. సద్బుద్ధితో తెలిపినవానిపై వ్యాజ్యము నిలువదని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది.

శాసనము తలుపు తెరచును, నడువవలసినది మనుష్యుడు. ఎట్లు నడువవలెను? అన్నిటికంటె ముందు బాధితుని క్షేమము. గాయమునకు చికిత్స, అపకారి యని శంకింపబడినవాని నుండి దూరము, ప్రక్కన నమ్మకమైన మనిషి. గాయమును కడిగి, బట్టలు ఉతికి, గది తుడిచి ‘శుభ్రము’ చేయుట మంచి మనస్సుతో చేసినను సాక్ష్యమును నాశనము చేయుటయే. వైద్యుడు చూచువరకు నిలుపవలెను. పిదప వినవలెను. వినుట వేరు, ప్రశ్నించుట వేరు. ‘ఫలానావాడు కొట్టినాడా?’ అని యడిగినచో తలయూపుట సులభము. భయపడినవాడు దేనికైనను తలయూపును. ‘ఏమి జరిగినది?’ అని యడిగి యూరకుండవలెను. ఒకే సంగతిని అయిదుగురు అయిదు మారులు అడిగి చెప్పించుట రెండవ దెబ్బ.

తరువాత వ్రాయవలెను, ఆనాడే వ్రాయవలెను. తాను చూచినది ఒక చోట, తాను వినినది వేరొక చోట, తనకు తోచినది మరియొక చోట వ్రాయవలెను. ‘జారి పడెను’ అనునది చూచిన సంగతియా, ఊహయా? చూడనివాడు ‘ఎడమ చేతిపై నాలుగు వ్రేళ్ల వెడల్పున కమిలియున్నది, ఉదయము ఆరు గంటలకు స్నానము చేయించునపుడు చూచితిని’ అని వ్రాయవలెను గాని, కారణమును కల్పింపరాదు. వ్రాసినదానిని పిమ్మట దిద్దరాదు. దిద్దవలసివచ్చినచో క్రొత్త తేదీతో క్రింద వ్రాయవలెను.

ఇచ్చట మన సరిహద్దు జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్లారి మైసూరున చేరినది. గీత భూమిపై పడినది గాని ఇండ్లలోని భాషలపై పడలేదు. బిడ్డ తెలుగున ఏడ్చును. పుస్తకము కన్నడమున నుండును. చెవిటి బాలుని సైగలు పాఠశాలలో నేర్పినవి కాక, వాని తల్లి వంటయింట పుట్టినవై యుండును. బాధితుని మాటను అధికారి భాషలోనికి మార్చి సంక్షేపించినపుడు, పోవునది తరచుగా ప్రాణప్రదమైన మాటయే. కావున వారి మాటను వారి భాషలోనే, వారి సైగను ఎట్లు చేసిరో అట్లే వర్ణించి, ముందు వ్రాసికొనవలెను, అనువాదము తరువాత. వికలాంగులు తమ కిష్టమైన భాషలో, తమకు వీలైన పద్ధతిలో సాక్ష్యమిచ్చుటకు తగిన యేర్పాట్లుండవలెనని 2016 నాటి చట్టము 12వ విభాగము చెప్పుచున్నది. అత్యాచార బాధితురాలు వికలాంగురాలైనచో ఆమె యింటనో, ఆమె కోరినచోటనో, దుబాసి లేక ప్రత్యేక ఉపాధ్యాయుని సమక్షమున ఫిర్యాదు నమోదు చేయవలెనను నియమము 2013లోనే వచ్చినది. ఆ దుబాసి నిందితుని తోడివాడు కారాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక సాకును కూడ ఈ సరిహద్దు కల్పించుచుండును. ‘అది ఆంధ్రలో జరిగినది, అక్కడికే పొండు’ అని యీవలివారును, ‘బిడ్డ కర్ణాటకవాడు’ అని యావలివారును త్రిప్పుట. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఏ ప్రాంతమున జరిగినను ఏ పోలీసు ఠాణాలోనైనను సమాచారము నీయవచ్చును. రాయదుర్గమున జరిగినదానిని బళ్లారిలో చెప్పవచ్చును. కర్ణాటకమున గ్రామ పంచాయతీలలో వికలాంగులకై నియమింపబడిన గ్రామ పునర్వసతి కార్యకర్తలు కలరు. వారిలో అనేకులు తామును వికలాంగులే. ఈ సంగతులు వారికి తెలిసియుండుట ఎంతో యవసరము.

ఎవరికి తెలుపవలెనను ప్రశ్నకు ‘పై అధికారికి’ అనునది సామాన్యమైన యుత్తరము. కాని పై అధికారియే నిందితుడైనచో? లేదా విని యూరకొన్నచో? అపుడు గడప దాటవలెను. పై అధికారికి చెప్పితిని గనుక నా బాధ్యత తీరినదనుట, మంటను చూచి ప్రక్కవానికి చెప్పి నిద్రించుట వంటిది. మంట ఆరినదా యని చూచువరకు బాధ్యత తీరదు. అట్లని ఊరంతయు చాటరాదు. బాధితుని పేరు, ఊరు, ముఖము బయట పడుటవలన కలుగు గాయము మానదు. తెలియవలసినవారికి తెలుపుట ధర్మము. తెలియనక్కరలేనివారికి తెలుపుట దానిపేర జరుగు మరియొక అపకారము.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వత్తము. ఒక వికలాంగ యువతి, వయస్సు వచ్చినది, తనకు జరిగినది సేవకురాలితో చెప్పి, ‘అక్కా, ఎవరికిని చెప్పనని ప్రమాణము చేయి’ అనును. ప్రమాణము నిలుపుట ధర్మమా, భంగపరచుట ధర్మమా? ఆమె చిన్నపిల్ల యైనచో శాసనమే యుత్తరము చెప్పినది. పెద్దదైనపుడు ఆమె యిచ్ఛను త్రోసిపుచ్చి మనము నడచుట, ఆమెను మరల పిల్లగా చేయుట యగును. చండీగఢ్ తీర్పు మన కది నేర్పినది. కాని ఆ మనిషియే రేపు ప్రక్క గదిలోని వేరొకతె దగ్గరకు పోవచ్చును. ఒకతె రహస్యము ఇంకొకతె ప్రాణమునకు మూల్యము కారాదు. మా యభిప్రాయమిది: వినకముందే ‘ఎవరికిని చెప్పను’ అని ప్రమాణము చేయరాదు. ‘నీకు తెలియకుండ ఏమియు చేయను; కాని నీకుగాని ఇతరులకుగాని అపాయమున్నచో ఊరకుండలేను’ అని మొదటనే చెప్పవలెను. చెప్పవలసివచ్చినపుడు ఎవరికి, ఏమి, ఎందుకు చెప్పుచున్నారో ఆమెకే ముందు తెలుపవలెను. చేయలేని ప్రమాణమును ప్రేమతో చేయుటకంటె, చేయగలదానిని కఠినముగ చెప్పుటయే ఆమె యెడల మర్యాద.

నిందితుని మాటయు మరువరాదు. సారంగధరుడు మన కండ్లయెదుటనే యున్నాడు. అయితే ఆ కథనుండి ‘ఆరోపణలు కల్లలు’ అను పాఠము తీయువారు కథను తప్పుగా చదివినవారు. రాజు చిత్రాంగి మాట వినుట తప్పు కాదు. తానే వాది, తానే న్యాయాధిపతి, తానే దండకుడు అగుటయే తప్పు. విచారణ ముగియువరకు నిందితుని ఆ నివాసుల దగ్గర పనినుండి తొలగించియుంచుట అందరికిని రక్షణ. అది శిక్ష కాదని వానికి చెప్పవలెను. వాని మాట వ్రాసికొనవలెను. విచారించువాడు ఆ సంస్థలో లాభనష్టములు లేనివాడై యుండవలెను. వినినవాడు తీర్పు చెప్పరాదు; తీర్పు చెప్పువాడు వినకుండ నుండరాదు.

ఒక్కొక్క సంఘటనను వ్రాసిన చాలదు, అన్నిటిని కలిపి చదువవలెను. 2024 నవంబరులో మన బళ్లారి జిల్లా ఆసుపత్రిలో శస్త్రచికిత్సతో కాన్పు జరిగిన ఐదుగురు బాలింతలు మరణించుట ఇంకను మనస్సునుండి పోలేదు. నరమునకెక్కించు ద్రవముపై అనుమానము కలిగినది. అట్టి ద్రవమున కొన్ని విడతల వాడుకను రాష్ట్రమున అంతకుముందే యొకపరి ఆపియుండిరని పిదప లోకమునకు తెలిసినది. అది వికలాంగుల విషయము కాకపోయినను సూత్ర మొక్కటే. ఒక మరణము దురదృష్టముగా కనబడవచ్చును. వరుసగా వ్రాసి ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు అది హెచ్చరిక యగును. నాలుగు మారులు ‘జారి పడెను’ అని వ్రాసిన పుస్తకమును ఎవరైన నెలకొకసారి చదివియున్నచో, మేము అడుగకముందే ఎవరో అడిగియుందురు.

చివరకు ఆయమ్మ మాటకు వత్తము. ‘ఇంట్లో ముగ్గురు తినాల సామీ.’ సాహసమును పేదవారికి బోధించుట సులభము. కొలది జీతమునకు, నియామక పత్రమైన లేక పనిచేయుదానిని ధర్మవీరురాలు కమ్మనుట న్యాయము కాదు. చెప్పినదాని పని పోకుండ చూచు భారము నిర్వాహకులది, దాతలది, మనవంటి సంఘములది. ఫిర్యాదు లేని సంస్థ మంచి సంస్థ యని మెచ్చుకొనుట మానవలెను. ‘ఈ సంవత్సరము ఎన్ని సంఘటనలు వ్రాసితిరి? ఎవరు వ్రాసిరి? వారింకను మీ దగ్గర పనిలో నున్నారా? బాధితునికి ఫలితమును తెలిపితిరా?’ అని దాత యడుగవలెను. ఖాళీ పుస్తకమును చూచి సంతోషింపక సందేహింపవలెను.

సంఘమువారు ఏటేట సంచిక వేయుదురు, సభ చేయుదురు, ఏదో యొక వసతిగృహమున అన్నదానము చేయుదురు. అన్నము పెట్టుట పుణ్యమే. ఈసారి విస్తళ్లు వేయుటకు ముందు ఆ పుస్తకమును అడిగి తెప్పించి చదువుదురుగాక. మేమును వెంట వచ్చెదము. ఆనాడు అడుగక తిరిగివచ్చిన ప్రశ్న యొకటి మా దగ్గర ఇంకను మిగిలియున్నది.